నాలుగు ఎస్‌డీపీలు (ఒక్కోటి ఒకే దాత ప్లేట్‌లెట్ల బ్యాగు) ఎక్కించినా ప్లేట్‌లెట్ కౌంట్ 9 వేలు దాటడం లేదు, యాంటీబాడీ పరీక్షకు ఏం పంపాలి?

#1 వార్డు_రాత్రిడ్యూటీ
ఏఎంఎల్ (ఒక రక్త క్యాన్సర్) పేషెంట్, 46 ఏళ్ల ఆవిడ, ఇండక్షన్ (మొదటి విడత) కీమో మొదలై ఇది 11వ రోజు. ఏ పాజిటివ్. రెండు కాన్పులయ్యాయి. ఆరు రోజుల్లో నాలుగు ఎస్‌డీపీలు ఎక్కించాం, ఉదయం కౌంట్ ఒక్కసారి కూడా 9 వేలు దాటలేదు. జ్వరం 101 దగ్గరే ఉంటోంది, చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం వస్తోంది, ప్లీహం చేతికి తగలడం లేదు. కన్సల్టెంట్ "ప్లేట్‌లెట్ యాంటీబాడీ పంపండి" అని రాసి వెళ్లారు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "హెచ్ఎల్ఏనా, హెచ్‌పీఏనా, క్రాస్‌మ్యాచా?" అని తిరిగి నన్నే అడిగారు (శరీర కణాల మీది గుర్తులకు యాంటీబాడీ చూడాలా, ప్లేట్‌లెట్ల మీదే ఉండే గుర్తులకు చూడాలా, బ్యాగుతో నేరుగా కలిపి చూడాలా అని). ఏ పరీక్ష ముందు, ఏ ట్యూబులో ఎంత?

#2 బ్లడ్‌బ్యాంక్_పాతకాపు
ట్యూబుల సంగతి తర్వాత. ఎక్కించాక గంటలోపు కౌంట్ ఎప్పుడైనా తీశారా? ఆ నాలుగు బ్యాగులు ఏ గ్రూపువి?

#3 వార్డు_రాత్రిడ్యూటీ
గంట కౌంట్ తీయలేదు సర్, అన్నీ మర్నాడు ఉదయానివే. గ్రూపులు చూశాను: రెండు ఓ, ఒకటి బీ, ఒకటి ఏ.

#4 బ్లడ్‌బ్యాంక్_పాతకాపు
అయితే ఆవిడ రిఫ్రాక్టరీ (ప్లేట్‌లెట్లు ఎక్కించినా కౌంట్ లేవని స్థితి) అని ఇంకా తేలలేదు. ఏ గ్రూపు మనిషికి బీ ప్లేట్‌లెట్లు ఇస్తే ఆవిడ ఒంట్లోని యాంటీ-బీ వాటిని పట్టేస్తుంది, కాబట్టి ఆ బ్యాగును లెక్కలోంచి తీసేయండి. మిగిలినవాటికి ఉదయం కౌంట్ మాత్రమే ఉంది. జ్వరంలో ఉన్న మనిషిలో 12 గంటల తర్వాతి కౌంట్ చూస్తే ప్లేట్‌లెట్లు అసలు నిలవలేదా, నిలిచి తర్వాత ఖర్చయిపోయాయా అన్నది తెలియదు. గ్రూపు కలిసిన తాజా బ్యాగులు రెండు, వరసగా, రెండింటికీ 10 నుంచి 60 నిమిషాల మధ్య కౌంట్. రెండూ బాగోకపోతేనే ఆ మాట వాడాలి.

#5 హెమటాలజీ_డెస్క్
ఓ బ్యాగుల్ని మాత్రం అంత తేలిగ్గా వదలకండి. ఓ ప్లేట్‌లెట్ల మీద ఏ గానీ బీ గానీ ఉండదు, అందుకని ఆవిడ యాంటీబాడీ వాటినేమీ చేయదు. కానీ బ్యాగులోని ప్లాస్మాలో యాంటీ-ఏ ఉంటుంది. దానివల్ల ఇంక్రిమెంట్ (కౌంట్ పెరుగుదల) కొంత తగ్గొచ్చు, టైటర్ (యాంటీబాడీ బలం) ఎక్కువైతే ఎర్రకణాలు కూడా పగులుతాయి. పరీక్షించి చూసే ఆ రెండు బ్యాగులూ ఏ గ్రూపువే అయితే మంచిది.

#6 ప్లేట్‌లెట్_గణితం
సీసీఐ (మనిషి పరిమాణం, డోసు సరిచూసిన కౌంట్ పెరుగుదల) లెక్క ఇదిగో. పెరిగిన కౌంట్‌ను శరీర ఉపరితల వైశాల్యంతో గుణించి, ఎక్కించిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగించాలి. కౌంట్ మైక్రోలీటరుకు, వైశాల్యం చదరపు మీటర్లలో, డోసు 10¹¹ల్లో.

155 సెం.మీ., 58 కిలోల మనిషికి వైశాల్యం దాదాపు 1.6. బ్యాగులో 3.2 × 10¹¹ ఉంటే, సీసీఐ 10,000 రావాలంటే కౌంట్ 20 వేలు పెరగాలి. గంట సీసీఐ 5,000 నుంచి 7,500 కంటే తక్కువైతే బాగోలేనట్టు. 24 గంటలదైతే హద్దు ఇంకా కింద ఉంటుంది, చాలాచోట్ల 4,500 దగ్గర పెట్టుకుంటారు.

బ్యాగు మీది అసలు సంఖ్య అడగండి. "ఎస్‌డీపీ అంటే 3 × 10¹¹" అని ఊహించి భాగిస్తే, నిజంగా 2.2 ఉన్న బ్యాగుకు పేషెంట్‌ను తప్పుపట్టినట్టవుతుంది.

#7 సిస్టర్_ఆంకో
గంట కౌంట్ అంటే అందరూ జంకుతారు గానీ, బ్యాగు అయిపోయిన 10 నిమిషాలకు తీసినా గంట కౌంట్‌తో దాదాపు సమానమే. సెట్ విప్పడానికి వెళ్లినప్పుడే తీసేయొచ్చు. ప్లేట్‌లెట్లు వెళ్లిన లైన్లోంచే తీస్తే మాత్రం కౌంట్ అబద్ధం చెబుతుంది. రెండో చేతి నుంచి తీయండి, లేదంటే సెలైన్‌తో బాగా ఫ్లష్ చేసి మొదటి కొన్ని ఎంఎల్ పారబోసి తీయండి. ముందు కౌంట్ కూడా ఉదయానిది కాకుండా బ్యాగు తగిలించే ముందుదే కావాలి.

#8 స్లైడ్_చూసేవాడు
స్మియర్ (స్లైడ్ మీద పరిచిన రక్తం) ఎవరైనా చూశారా? ఈడీటీఏలో (రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉండే రసాయనం) ప్లేట్‌లెట్లు గుంపులు కట్టే మనుషులుంటారు. మెషీన్ 8 వేలు అంటుంది, స్లైడ్ చివర్న, ఈక అంచులో, పది పదిహేను ప్లేట్‌లెట్లు ఒక ముద్దగా అతుక్కుని ఉంటాయి. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన కౌంట్‌ను 1.1తో గుణించండి. ఈవిడకు చిగుళ్ల రక్తం ఉంది కాబట్టి నిజంగానే తక్కువ కావచ్చు, అయినా రెండు నిమిషాల పని.

#9 అఫెరిసిస్_గది
బ్యాగు సంగతి కూడా చూడండి. వార్డుకు వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టారేమో కనుక్కోండి, ఆ పొరపాటు ఇంకా జరుగుతూనే ఉంది. 20 నుంచి 24 డిగ్రీల్లో, ఊగుతూ ఉండాలి. తగిలించే ముందు సంచిని కిటికీ వెలుతురుకు పట్టి మెల్లగా ఊపండి. బాగున్న ప్లేట్‌లెట్లు పళ్లెం ఆకారంలో ఉంటాయి కనుక వెలుతురులో పొగ సుడి తిరుగుతున్నట్టు మెరుస్తాయి. గుండ్రబడిపోయినవి మెరవవు, మజ్జిగ తేటలా స్తబ్దుగా కనిపిస్తాయి. సుడి కనబడని బ్యాగుకు వచ్చిన సీసీఐతో పేషెంట్ మీద తీర్పు ఇవ్వకండి.

#10 హెమటాలజీ_డెస్క్
రిఫ్రాక్టరీ కేసుల్లో ఎక్కువ భాగం యాంటీబాడీల వల్ల కాదని మరిచిపోవద్దు. జ్వరం, సెప్సిస్, డీఐసీ (నాళాలంతటా చిన్న గడ్డలు కట్టడం), రక్తస్రావం, పెద్ద ప్లీహం, ఆంఫోటెరిసిన్ (ఫంగస్ మందు), మ్యారో మార్పిడి తర్వాతైతే జీవీహెచ్‌డీ (దాత కణాలు పేషెంట్ మీద తిరగబడటం), వీఓడీ (కాలేయంలో సన్నని సిరలు మూసుకుపోవడం). గంట కౌంట్ బాగుండి 24 గంటలకు పడిపోతే ఈ జాబితా వెతకండి. గంటకే లేకపోతే యాంటీబాడీని అనుమానించండి.

#11 బ్లడ్‌బ్యాంక్_పాతకాపు
ఆ సూత్రానికి ప్లీహమే మినహాయింపు. మామూలు ప్లీహమే మూడో వంతు ప్లేట్‌లెట్లను తనలో దాచుకుంటుంది. బాగా పెరిగినదైతే గంట కౌంట్ కూడా లేవదు, యాంటీబాడీ ఒక్కటీ ఉండదు. చేతికి తగలకపోతే అల్ట్రాసౌండ్‌లో కొలత చూడండి.

#12 వార్డు_రాత్రిడ్యూటీ
అన్నీ చేశాను. స్మియర్‌లో గుంపులు లేవు. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం మామూలే. పీటీ, ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టే పరీక్షలు) బాగున్నాయి. ఏ గ్రూపు, రెండు రోజుల వయసు బ్యాగులు రెండు, రెండూ సుడి తిరిగాయి.
మొదటిది: 6 వేలు ఉన్నది 45 నిమిషాలకు 9 వేలు, డోసు 3.2.
రెండోది: 5 వేలు ఉన్నది 30 నిమిషాలకు 10 వేలు, డోసు 3.0.

#13 ప్లేట్‌లెట్_గణితం
మొదటిది 3,000 × 1.6 ÷ 3.2 = 1,500. రెండోది 5,000 × 1.6 ÷ 3.0 = దాదాపు 2,670. ఇప్పుడు రిఫ్రాక్టరీ అని రాయొచ్చు.

#14 హెచ్ఎల్ఏ_బెంచ్
ఇక ట్యూబులు. యాంటీబాడీకి గడ్డకట్టే సాదా ట్యూబులో 10 ఎంఎల్. హెచ్ఎల్ఏ టైపింగ్‌కు మామూలుగా ఈడీటీఏ రక్తం, కానీ ఈవిడ తెల్లకణాలు ఇప్పుడు ఎన్ని? కీమో మధ్యలో 300, 400 ఉంటే డీఎన్ఏ చాలదు. బుగ్గ లోపలి స్వాబులు రెండు పంపండి. ఇండక్షన్‌కు ముందే టైపింగ్ చేయించి పెట్టుకునే అలవాటు ప్రతి ల్యుకేమియా వార్డులోనూ ఉండాలి. కౌంట్ పడిపోయాక పరిగెత్తడం పేషెంట్‌కు అన్యాయం.

ఫారం మీద నాలుగు విషయాలు రాయండి: కాన్పులు, ఎక్కించిన రక్తాల తేదీలు, ఏటీజీ (టీ కణాలను అణిచే మందు) ఇచ్చారా, ఐవీఐజీ (దాతల నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఇచ్చారా. కుందేలు ఏటీజీ, పరీక్షలో వాడే హెచ్ఎల్ఏ అతికించిన పూసలకు తానే అతుక్కుంటుంది. ఐవీఐజీలోనూ హెచ్ఎల్ఏను పట్టే యాంటీబాడీలుంటాయి. అవి ఇచ్చాక తీసిన సీరంలో ఏది పేషెంట్‌దో ఏది మందుదో విడదీయలేం. ఐవీఐజీ ఆలోచన ఉంటే ముందు సీరం తీసి దాచండి.

#15 క్రాస్‌మ్యాచ్_టెక్
పూసల రిపోర్టు రావడానికి రోజులు పట్టే చోట క్రాస్‌మ్యాచ్ ముందు. సాలిడ్ ఫేజ్ పద్ధతిలో షెల్ఫ్ మీదున్న పది పన్నెండు బ్యాగుల సెగ్మెంట్లతో ఆవిడ సీరం కలిపి చూస్తే అదే పూట జవాబు. టైపింగ్ అక్కర్లేదు, దాతల పట్టిక అక్కర్లేదు. పైగా హెచ్ఎల్ఏ అయినా హెచ్‌పీఏ అయినా రెండూ దొరుకుతాయి.

#16 హెచ్ఎల్ఏ_బెంచ్
ఒప్పుకోను. దాతల్లో 80 శాతం మంది యాంటిజెన్ల మీద యాంటీబాడీలున్న పేషెంట్‌కు పన్నెండు బ్యాగులు చూస్తే రెండో మూడో కలుస్తాయి, ఏదీ కలవకపోనూవచ్చు. రెండు రోజులకోసారి మళ్లీ అదే వెతుకులాట. ఏ యాంటిజెన్ తప్పించాలో తెలిస్తే టైపింగ్ అయిన దాతను పిలిచి తెచ్చుకోవచ్చు. క్రాస్‌మ్యాచ్ ఈ రాత్రి గడవడానికి పనికొస్తుంది. నెల రోజులు నడపాలంటే పూసలు కావాలి.

#17 క్రాస్‌మ్యాచ్_టెక్
ఈ రాత్రి గడవాలనే కదా నేనూ అన్నది. రెండూ ఒకేసారి పంపమనండి, గొడవ లేదు.

#18 కొత్త_టెక్నీషియన్
#15 గారూ, ఆ సాలిడ్ ఫేజ్‌లో మాకు ప్లేటులోని అన్ని బావుల్లోనూ (చిన్న గుంతల్లోనూ) బటనే (నెగెటివ్ చుక్క) వస్తోంది. పాజిటివ్ కంట్రోల్ కూడా బలహీనంగా ఉంది. ఎక్కడ పోతోంది?

#19 క్రాస్‌మ్యాచ్_టెక్
తొంభై పాళ్లు కడగడంలోనే. వరస ఒకసారి చూద్దాం. దాత ప్లేట్‌లెట్లు బావి అడుగున పొరగా అతికించాలి, మిగిలినవి కడిగేయాలి. లిస్ (ఉప్పు తక్కువున్న ద్రవం), పేషెంట్ సీరం వేసి 37 డిగ్రీల్లో 30 నిమిషాలు. ఆ తర్వాతి ఆరు కడుగుళ్లే ప్రాణం. బావిలో అతుక్కోని ఐజీజీ (సీరంలోని యాంటీబాడీ రకం) కొంచెం మిగిలినా, తర్వాత వేసే సూచిక కణాల మీది యాంటీ-ఐజీజీని అదే తినేస్తుంది. అప్పుడు సూచిక కణాలకు అడుగును పట్టుకునే చేతులుండవు, జారి మధ్యలో చేరతాయి. నిజం పాజిటివ్ కూడా నెగెటివ్‌గా కనిపిస్తుంది.

వాషర్ నాజిళ్లలో ఒకటి మూసుకుపోయిందేమో చూడండి. ఒకే నిలువు వరసలో తప్పు వస్తుంటే అదే. ప్రతి కడుగుడు తర్వాత ప్లేటు తిరగేసి బ్లాటింగ్ కాగితం మీద తట్టండి. సెంట్రిఫ్యూజ్ ఎక్కువైనా పరిచిన పొర కుంగి మధ్యకు వస్తుంది, తక్కువైతే అంచుల్లో కణాలు నిలిచిపోయి అబద్ధపు పాజిటివ్ వస్తుంది.

చదివేటప్పుడు ప్లేటును కింది నుంచి వెలుగున్న బల్ల మీద పెట్టండి. నెగెటివ్ అంటే చక్కగా గీసిన బొట్టులా నడిమధ్య ఎర్రటి చుక్క, అంచు పదునుగా ఉంటుంది. బలమైన పాజిటివ్ అంటే అడుగంతా లేత ఎరుపు పరుచుకుని ఉంటుంది, చుక్కే ఉండదు. చుక్క ఉండి దాని చుట్టూ పలచటి మసక ఉంటే బలహీన పాజిటివ్, ఆ బ్యాగు వదిలేయండి.

#20 బ్లడ్‌బ్యాంక్_పాతకాపు
ఇంకొకటి: గ్రూపు కలవని బ్యాగుతో క్రాస్‌మ్యాచ్ పెడితే యాంటీ-ఏ, యాంటీ-బీ వల్లనే పాజిటివ్ వస్తుంది, హెచ్ఎల్ఏ అనుకుని మోసపోతారు. గ్రూపు కలిసినవే పెట్టండి.

#21 ఎంఏఐపీఏ_మనిషి
హెచ్‌పీఏ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. హెచ్‌పీఏ ఒక్కటే కారణమయ్యే కేసులు తక్కువ, ఉన్నప్పుడు తరచూ హెచ్ఎల్ఏ పక్కనే ఉంటుంది. అందుకే హెచ్ఎల్ఏ కలిసిన బ్యాగులకు కూడా కౌంట్ లేవకపోతేనే అడగండి. ఎంఏఐపీఏలో (హెచ్‌పీఏ యాంటీబాడీని వెతికే పరీక్ష) ప్లేట్‌లెట్లకు పేషెంట్ సీరం, తర్వాత ఒక్కో గ్లైకోప్రోటీన్‌కు ఎలుక మోనోక్లోనల్ (ఒకే చోటును పట్టే యాంటీబాడీ) పట్టించి, ట్రైటాన్ డిటర్జెంట్‌తో కరిగించి, ఎలుక ఐజీజీని పట్టే ప్లేటులో వేసి, మనిషి ఐజీజీ ఉందా అని చూస్తాం. పేషెంట్ యాంటీబాడీ, మోనోక్లోనల్ రెండూ ఒకే చోట కూర్చోవాలని పోటీ పడితే నెగెటివ్ వస్తుంది. అనుమానం ఉంటే ఇంకో క్లోన్‌తో మళ్లీ చేయించండి. సీడీ36 అనే ప్రోటీన్‌ను పట్టే మోనోక్లోనల్ కూడా ప్యానెల్లో ఉండాలి. ప్లేట్‌లెట్ల మీద ఆ ప్రోటీనే లేని మనుషులు ఆసియా, ఆఫ్రికా మూలాల వాళ్లలో ఉన్నారు, వాళ్లు మొత్తం ప్రోటీన్ మీదే యాంటీబాడీ తయారుచేస్తారు.

#22 హెమటాలజీ_డెస్క్
వార్డు గారూ, మందుల చార్టు పెట్టలేదు మీరు. వాంకోమైసిన్ (ఒక యాంటీబయాటిక్) ఉందా?

#23 వార్డు_రాత్రిడ్యూటీ
ఉంది, 5వ రోజు నుంచి. ఆంఫోటెరిసిన్ లేదు.

#24 హెమటాలజీ_డెస్క్
అయితే దాన్నీ తేల్చాలి. వాంకోమైసిన్ ఉన్నప్పుడే ప్లేట్‌లెట్‌ను పట్టే యాంటీబాడీలుంటాయి. దాత ప్లేట్‌లెట్లనూ వదలవు, హెచ్ఎల్ఏ ఎంత కలిపినా లాభం ఉండదు. మామూలు పరీక్షలో దొరకవు. మందు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి చేయాలి, కడిగే ద్రవంలో కూడా మందు ఉండాలి, లేకపోతే కడుగుడుతో యాంటీబాడీ వదిలిపోతుంది. కల్చర్లలో వాంకోమైసిన్ అవసరం కనబడకపోతే రిపోర్టు కోసం ఆగకుండా మార్చేయండి.

#25 వార్డు_రాత్రిడ్యూటీ
కల్చర్‌లో గ్రామ్ నెగెటివ్ వచ్చింది, వాంకోమైసిన్ ఆపేశాం. కన్సల్టెంట్ ఈలోగా ఐవీఐజీ ఇద్దామంటున్నారు. సీరం తీసి పంపేశాను.

#26 బ్లడ్‌బ్యాంక్_పాతకాపు
హెచ్ఎల్ఏ యాంటీబాడీకి ఐవీఐజీ మీద ఆశ పెట్టుకోకండి. కొందరిలో గంట కౌంట్ కొంచెం లేస్తుంది, మర్నాటికి నిలవదు.

#27 హెమటాలజీ_డెస్క్
రక్తం కారుతూ, కలిసిన బ్యాగు దొరకని రాత్రి ఆ కొంచెం కూడా విలువైనదే. రోజువారీ మందుగా మాత్రం నేనూ ఇవ్వను.

#28 సిస్టర్_ఆంకో
కలిసిన బ్యాగు వచ్చేదాకా ఏం చేయాలి? రోజూ దొరికిందల్లా ఎక్కించడమేనా?

#29 హెమటాలజీ_డెస్క్
వద్దు. లేవని బ్యాగును ముందుజాగ్రత్తగా రోజూ ఎక్కిస్తే కౌంట్ రాదు, కొత్త దాతల యాంటిజెన్లు మాత్రం చేరతాయి. ఆర్‌డీపీలు (మామూలు రక్తదానాల్లోంచి తీసిన ప్లేట్‌లెట్లు) ఆరు కలిపి ఇస్తే ఒకే పూట ఆరుగురు దాతలు. రక్తస్రావం ఉంటేనే ఇవ్వండి. చిగుళ్లకు ట్రానెక్సామిక్ యాసిడ్ (కట్టిన గడ్డ కరగకుండా ఆపే మందు) 1 గ్రాము రోజుకు మూడుసార్లు, కిడ్నీ పనితీరు చూసి. మూత్రంలో రక్తం ఉంటే వద్దు, గడ్డ మూత్రనాళంలో ఇరుక్కుంటుంది. డీఐసీలోనూ వద్దు. రక్తస్రావం లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇస్తే లాభం కనిపించలేదని ఏ-ట్రీట్ ట్రయల్ చెప్పింది, కాబట్టి అందరికీ రాయకండి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) మరీ పడనీయకండి. ఎర్రకణాలు మధ్యలో ప్రవహిస్తూ ప్లేట్‌లెట్లను నాళం గోడవైపు తోస్తాయి, ఉన్న కొద్దిపాటివైనా పనిచేయాలంటే అది కావాలి. నెలసరి ఆపే మందు, నొప్పికి ఎన్ఎస్ఏఐడీలు (ఐబుప్రోఫెన్ లాంటివి) లేకుండా చూడటం, ఇవి మర్చిపోయే చిన్న పనులు.

#30 వార్డు_రాత్రిడ్యూటీ
రిపోర్టు వచ్చింది. ఏ2, ఏ68, ఏ69, బీ57, బీ58 మీద బలంగా. సీపీఆర్ఏ (కలవని దాతల శాతం) 61. ఆవిడ టైపింగ్ ఏ11, ఏ33, బీ35, బీ44. ఇవి ఐదు వేర్వేరు యాంటీబాడీలా?

#31 హెచ్ఎల్ఏ_బెంచ్
ఐదు కావు, చాలావరకు రెండే, రెండింటికీ మూలం ఏ2. ఏ2 ఒక చిన్న ఎపిటోప్‌ను (యాంటీబాడీ పట్టే చోటు) ఏ68, ఏ69లతోనూ, ఇంకొకదాన్ని బీ57, బీ58లతోనూ పంచుకుంటుంది. భర్త నుంచి బిడ్డకు వచ్చిన ఏ2 కాన్పుల్లో మొదటి పాఠం నేర్పి ఉంటుంది, ఇప్పుడు బ్యాగులు దాన్ని గుర్తుచేశాయి. అందుకే పది రోజుల్లోనే ఇంత బలంగా వచ్చింది.

సీరంను పలచన చేసి కూడా చూశారా అని ల్యాబ్‌ను అడగండి. యాంటీబాడీ మరీ ఎక్కువైతే కాంప్లిమెంట్ అడ్డుపడి పూస తక్కువ చూపిస్తుంది, అదే ప్రోజోన్. సీరంకు ఈడీటీఏ కలిపినా బయటపడుతుంది. అటు వైపు, చిన్న ఎంఎఫ్ఐలన్నిటినీ (పూస మెరుపు కొలతలు) తప్పించాలని కూర్చుంటే దాతే మిగలడు. కొన్ని పూసల మీది ప్రోటీన్ విప్పుకుపోయి ఉంటుంది, దానికి అతుక్కున్నది ప్లేట్‌లెట్‌ను పట్టదు.

#32 అఫెరిసిస్_గది
అంటే నాలుగుకు నాలుగు కలిసిన దాత కోసం వెతకనక్కర్లేదు. ఆ ఐదూ లేని దాత చాలు, పట్టికలో పదిమందికి నలుగురు దొరుకుతారు. భర్త, పిల్లలు "మేమిస్తాం" అని ముందుకొస్తారు, ప్రేమతోనే. భర్త ప్లేట్‌లెట్లు అసలు వద్దు, ఆవిడ యాంటీబాడీ తయారైందే ఆయన యాంటిజెన్ మీద. పిల్లల్లోనూ సగం ఆయనదే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మ్యారో దాతలు కావొచ్చు, మార్పిడికి ముందు వాళ్లవీ వద్దు.

#33 బ్లడ్‌బ్యాంక్_పాతకాపు
హెచ్ఎల్ఏ చూసి ఎంచిన ప్రతి బ్యాగునూ ఇర్రేడియేట్ చేయాలి (రేడియేషన్ పట్టించాలి), బ్యాగు మధ్యలో 25 గ్రే. దాత లింఫోసైట్లను ఆవిడ శరీరం పరాయివని గుర్తించకపోతే అవి నిలదొక్కుకుని ఆవిడ మీదే తిరగబడతాయి. ఆ టీఏ-జీవీహెచ్‌డీ వస్తే దాదాపు బతకరు. తెల్లకణాల ఫిల్టర్ దీనికి బదులు కాదు. ఫిల్టర్ కొత్త యాంటీబాడీలు రాకుండా చూస్తుంది. 1997 నాటి ట్రాప్ ట్రయల్‌లో మామూలు ప్లేట్‌లెట్లతో 45 శాతం మందికి హెచ్ఎల్ఏ యాంటీబాడీలు వస్తే, ఫిల్టర్ చేసినవాటితో 17, 18 శాతానికే వచ్చాయి. అదే ట్రయల్‌లో ఇంకో సంగతి: యాంటీబాడీ వచ్చినవాళ్లలో రిఫ్రాక్టరీ అయినవాళ్లు కొందరే. రిపోర్టు పాజిటివ్ అని ఎవరికీ ముద్ర వేయకండి, కౌంట్ చూడండి.

#34 వార్డు_రాత్రిడ్యూటీ
నిన్న ఆ ఐదూ లేని దాత బ్యాగు ఎక్కించాం. క్రాస్‌మ్యాచ్ కలిసింది, ఇర్రేడియేట్ చేసింది, డోసు 3.1. ముందు 7 వేలు, 40 నిమిషాలకు 24 వేలు. ఈ ఉదయం 15 వేలు.

#35 ప్లేట్‌లెట్_గణితం
17,000 × 1.6 ÷ 3.1 = దాదాపు 8,770. ఇది కదా కావాల్సింది!

#36 కొత్త_టెక్నీషియన్
మా ప్లేటు కూడా బాగైంది. వాషర్ నాజిళ్లు మూసుకుపోయి ఉన్నాయి. #19కి చాలా థాంక్స్.

#37 వార్డు_రాత్రిడ్యూటీ
ఈ యాంటీబాడీ పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలి? మరో మూడు సైకిళ్లు కీమో ఉంది.

#38 హెచ్ఎల్ఏ_బెంచ్
ప్లేట్‌లెట్లు నడుస్తున్నంతకాలం రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ప్రతి సైకిల్ మొదట్లో ఒకసారి. కలిసిన బ్యాగుకు కౌంట్ లేవకపోతే తేదీ చూడకుండా వెంటనే. కొత్తవి చేరొచ్చు. ప్లేట్‌లెట్లు ఎక్కుతూ ఉండగానే ఉన్నవి మాయమయ్యే మనుషులూ చాలామందే. మాయమైతే మామూలు బ్యాగుతో ప్రయత్నించొచ్చు, గంట కౌంట్ తీస్తూ. మాయమైనా ఆ ఐదు పేర్లు ఫైల్లోంచి కొట్టేయకండి, జ్ఞాపకం రక్తంలో ఉంటుంది.

#39 అఫెరిసిస్_గది
ఒకే దాతను మళ్లీ మళ్లీ పిలవకండి, రెండు విరాళాల మధ్య కనీసం 48 గంటలు కావాలి. ముగ్గురిని వరసలో పెట్టుకోండి. బ్యాగుకు ఆయుష్షు 5 రోజులే కాబట్టి నాడిర్ రోజులు (కౌంట్ అట్టడుగున ఉండే రోజులు) లెక్కేసి ముందే చెబితే పిలిపించి ఉంచుతారు.

#40 వార్డు_రాత్రిడ్యూటీ
రెండో దాత రేపు ఉదయం వస్తున్నారు. జ్వరం 99, చిగుళ్లు ఆగాయి. కేస్ షీట్ ముందు పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించాను: "ఏ2, ఏ68, ఏ69, బీ57, బీ58 లేని దాతవే. ఏ గ్రూపు. ఇర్రేడియేట్ చేసినవే. భర్త, పిల్లలవి వద్దు. ప్రతి బ్యాగుకూ ముందు కౌంట్, గంటలోపు కౌంట్."